మనవరాలి మీద అరిచాను, ఆ మంచు బొమ్మ ఇక ముట్టుకోలేకపోతున్నాను

ప్రశ్న

రాజమండ్రి దగ్గర ఒక ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్ టీచర్‌గా చేసి రిటైరైన ఒకావిడ అమెరికా నుంచి పెద్ద ఉత్తరం రాశారు. వయసు 63. భర్త పోయి ఏడాదిన్నర అయింది. ఒంటరిగా ఉండొద్దని కూతురు పట్టుబట్టి అక్టోబర్‌లో మినియాపోలిస్‌లోని తమ ఇంటికి తీసుకెళ్లింది. మార్చి మొదటి వారంలో తిరుగు ప్రయాణం. కూతురు, అల్లుడు ఇద్దరికీ ఉద్యోగాలు. ఆరేళ్ల మనవరాలు స్కూలుకు వెళ్తుంది. నవంబర్ దాటాక బయట కాలు పెట్టే పరిస్థితి లేక పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. అది చూసి కూతురు ఒక డైమండ్ పెయింటింగ్ కిట్ (జిగురున్న కాన్వాస్ మీద గుర్తులు వేసిన గడుల్లో చిన్న చిన్న రంగు రాళ్లు అంటించి బొమ్మ పూర్తి చేసేది) తెచ్చి, "ఇది చేస్తుంటే మనసు తేలిగ్గా ఉంటుందమ్మా" అని ఇచ్చింది. 40 సెంటీమీటర్లు వెడల్పు, 50 పొడవు. మంచు కప్పిన పల్లె, కిటికీలో దీపం వెలుగుతున్న చెక్క ఇల్లు, వెనక పైన్ చెట్లు.

మొదట్లో చాలా నచ్చింది. "పెన్నుతో ఒక్కో రాయి తీసి గడిలో పెడుతుంటే గంటలు తెలిసేవి కావు. ఆయన గుర్తొచ్చినా ఏడుపు వచ్చేది కాదు" అని రాశారు. కొన్నాళ్లకు, తిరిగి వెళ్లేలోపు పూర్తి చేసి కూతురి హాల్లో గోడకు పెట్టించాలని పట్టుదల మొదలైంది. రాత్రి పన్నెండింటి దాకా కూర్చోవడం, మెడనొప్పి, తెల్ల రాళ్లకూ లేత నీలం రాళ్లకూ తేడా తెలియక పీకి మళ్లీ పెట్టడం, "నా బుర్ర పనిచేయడం లేదేమో" అన్న భయం. సంక్రాంతి తర్వాత ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పడుకుని ఉండగా మనవరాలు సాయం చేద్దామని, ఇంటి ముందున్న మంచులో అరచేయంత మేర ఎర్రవి, పసుపువి తనకు తోచినట్టు అంటించింది. ఆవిడ లేచి చూసి గట్టిగా అరిచారు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురు వచ్చి, "అమ్మా, ఇది నీ స్కూల్ కాదు. రిలాక్స్ అవుతావని కొన్నాను, నువ్వేమో ఇంట్లో అందరికీ టెన్షన్ పెడుతున్నావు" అంది. అల్లుడు ఏమీ అనలేదు, అదే ఇంకా బాధగా ఉందంటారు. ఆ రాత్రే బొమ్మను చుట్టచుట్టి మంచం కింద పెట్టేశారు. సగం మిగిలింది. మనవరాలు ఆ బల్ల దగ్గరికి రావడం మానేసింది.

"దాన్ని పూర్తి చేయాలా, వదిలేయాలా? పాప అంటించినవి పీకేయాలా? అందరికీ మనశ్శాంతినిచ్చే పని నాకు మాత్రం ఎందుకిలా అయింది?" అని అడుగుతున్నారు. చివర్లో, పూర్తయిన బొమ్మ మీద జిగురు పూయాలా అని కూడా అడిగారు.

సమాధానం

టీచర్ గారూ,

ముందు ఒక చిన్న పని. ఇది మొత్తం చదివే లోపే ఆ చుట్టను మంచం కింద నుంచి బయటికి తీయండి. మళ్లీ మొదలుపెట్టమని అనడం లేదు. రాళ్లు లోపలి వైపుకు వచ్చేలా చుట్టి ఉంటే అవి ఒకదాన్నొకటి ఒత్తుకుని ఊడిపోతాయి. కాన్వాస్‌కు పడిన ముడతలు కూడా అంత త్వరగా పోవు. చదునుగా పరిచి, దాని మీద వచ్చిన ప్లాస్టిక్ కాగితం గానీ, బేకింగ్‌కు వాడే పార్చ్‌మెంట్ కాగితం గానీ కప్పి, పైన లావుపాటి పుస్తకాలు పెట్టి రెండు రోజులు వదిలేయండి. ఇకముందు ఎప్పుడు చుట్టినా రాళ్లు బయటికి ఉండేలా, వదులుగా చుట్టండి. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఈ పని వృథా పోదు.

మీ ఉత్తరంలో బొమ్మ గురించి రెండు పేజీలు ఉంది. పాప మీద అరిచిన సంగతి నాలుగు వాక్యాల్లో ముగించారు. అందులో ఒకటి, "ముప్పై ఏళ్లు పిల్లల మధ్యే బతికాను, నేను అలా అరిచే మనిషిని కాదు" అని. నేను నమ్ముతున్నాను. అంత ఓపిక ఉన్న మనిషికి ఆ రోజు అంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

వంట చేస్తానంటే అమ్మాయి "నువ్వు రెస్ట్ తీసుకోమ్మా" అంటుందని మీరే రాశారు. తాలింపు పెడితే ఎక్కడ పొగ అలారం మోగుతుందోనని భయం. కారు నడపడం రాదు, కూరగాయలకు కూడా శనివారం వాళ్లు తీసుకెళ్తేనే వెళ్లాలి. ఊళ్లో పాల లెక్క నుంచి ఇంటి పన్ను దాకా అన్నీ మీ చేతి మీదుగా నడిపిన మనిషి మీరు. ఆ ఇంట్లో మీరు ఎవరినీ అడగకుండా, మీ ఇష్టప్రకారం చేసుకున్న పని ఆ బల్ల మీది బొమ్మ ఒక్కటే. ఏ మూల మొదలుపెట్టాలో, ఏ రంగు తర్వాత ఏ రంగో అంతా మీ నిర్ణయమే. పాప తెలియక చేయి పెట్టింది సరిగ్గా అక్కడే.

అలాంటి చోటు ఒకటి కావాలనిపించడం తప్పు కాదు. కూతురు ఎంత ప్రేమగా చూసుకున్నా, అయిదు నెలలు చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉండాలంటే ఎవరికైనా ఊపిరాడదు. అయితే అది మీకు అంత ముఖ్యమని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మాయికి అది కాలక్షేపం కోసం కొన్న కిట్. పాపకు అది అమ్మమ్మ ఆడుకునే ఆట, అదీ అందరూ అన్నం తినే బల్ల మీద పరిచిన ఆట. అక్కడ ఒక గీత ఉందని మీకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియని గీత దాటిన పిల్ల మీద కోపం వచ్చింది. ఇప్పుడు అరిచినందుకు మీ మీద మీకే కోపం వచ్చి బొమ్మను మంచం కిందకు పంపారు. దాంతో మీకున్న ఆ ఒక్క చోటు కూడా పోయింది.

పాపతో మాట్లాడటం వాయిదా వేయకండి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పిల్లలకు సారీ చెప్పడం పెద్దగా అలవాటు లేదు. ఒక చాక్లెట్ ఇచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని సర్దేస్తాం. ఆరేళ్ల పిల్లకు అది చాలదు. అమ్మమ్మకు తన మీద ఎందుకు కోపం వచ్చిందో, ఇంకా ఉందో పోయిందో ఆ పిల్లకు తెలియాలి. "మొన్న నేను గట్టిగా అరిచాను. నువ్వు నాకు సాయం చేద్దామనుకున్నావు కదా తల్లీ. నేను అలా అరవకుండా ఉండాల్సింది. సారీ." అంతే చెప్పండి. "కానీ నువ్వు కూడా అడగకుండా ముట్టుకున్నావు కదా" అని వెంటనే తగిలించకండి. ఆ మాట ఇంకో రోజు, ఇంకో సందర్భంలో మామూలుగా చెప్పుకోవచ్చు.

అమ్మాయి మాట మీకు బాగా గుచ్చుకుంది. "ఇది నీ స్కూల్ కాదు" అనడం కటువుగానే ఉంది, మీకు బాధ కలగడం సహజం. కానీ ఒకటి గుర్తు చేయాలనిపిస్తోంది. ఏడాదిన్నర క్రితం మీ భర్త పోయిన రోజునే ఆ అమ్మాయికి నాన్న పోయారు. రాత్రి పన్నెండింటికి హాల్లో లైటు వెలుగుతుంటే, అమ్మ మెడ వంచుకుని ఒక్కతే కూర్చుని ఉంటే, లోపల తనకు హాయిగా నిద్ర పట్టి ఉంటుందని నేను అనుకోను. మీకు ఊరట కావాలని తెచ్చిన వస్తువే మీ నిద్ర పోగొడుతోందన్న దిగులు చాలా రోజులుగా ఉండి, ఆ ఆదివారం అలా బయటపడి ఉండొచ్చు. ఆ మాట పట్టుకుని వాదించుకోకుండా, పైన నేను చెప్పిందే మీ మాటల్లో తనకు చెప్పి చూడండి. "ఈ ఇంట్లో నాకంటూ ఒక పని కావాలనిపించింది, ఆ బొమ్మ అలా దొరికింది" అంటే తనకు అర్థమవుతుంది.

అల్లుడి మౌనానికి అర్థాలు వెతక్కండి. అత్తగారికీ భార్యకూ మాట పట్టింపు వచ్చినప్పుడు మధ్యలో నోరు మెదపకపోవడం మర్యాదే. ఆయన్ని ఒక సాయం అడగండి: కిటికీ పక్కన మీకోసం ఒక చిన్న మడత బల్ల, ఒక మంచి లైటు. డైనింగ్ టేబుల్ ఖాళీ అవుతుంది, మీ చోటు ఎక్కడో అందరికీ కనిపిస్తుంది. అడిగితే ఆయనే సంతోషిస్తారనుకుంటాను.

ఇక ఆ తెలుపు, నీలం సంగతి. మీ బుర్ర మీద మీకు అనుమానం కలిగించింది అది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

డైమండ్ పెయింటింగ్‌లో మంచు బొమ్మలు కష్టమైన రకం. పూల బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దేనికవి విడిగా కనిపిస్తాయి. మంచు బొమ్మలో సగానికి పైగా తెలుపు, దానికి దగ్గర దగ్గరగా ఉండే బూడిద రంగులు, లేత నీలాలు. కాన్వాస్ పక్కన అచ్చువేసిన పట్టికలో ఒక్కో గుర్తుకు ఒక్కో నంబర్ ఉంటుంది, చూశారు కదా. అవి చాలా కిట్లలో డీఎంసీ నంబర్లు. ఫ్రాన్స్‌లో మ్యులూజ్ అనే ఊళ్లో 1746లో మొదలైన దారాల కంపెనీ అది. వాళ్ల ఎంబ్రాయిడరీ దారాల నంబర్లనే ఈ రాళ్లకూ వాడుతున్నారు. ఆ వరుసలో తెలుపే రెండు మూడు రకాలు: బి5200 అచ్చమైన తెలుపు, 3865 కొంచెం మెత్తని తెలుపు, దాని పేరే వింటర్ వైట్. 762 తెలుపా బూడిదా అన్నట్టుంటుంది. 3756, 775 లేత నీలాలు. ఇవి పక్కపక్కన పోసి ఉంటే ఏ వయసు వాళ్లయినా తడబడతారు. అందుకని తెల్ల జాతి రంగులు ఒకేసారి రెండు ట్రేలో పోయకండి. ఒక నంబర్ డబ్బా మూత పెట్టాకే ఇంకొకటి తెరవండి. కంటితో రంగు పోల్చుకోవడం మానేసి డబ్బా మీద నంబర్, గడిలో గుర్తు, ఈ రెండే చూడండి.

దీనికి తోడు మీరు రాత్రిపూట చేస్తున్నారు. ఇళ్లల్లో హాల్లో పెట్టే పసుపు వెలుగు బల్బులు ఎక్కువగా 2700 కెల్విన్ రకం (కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే కొలత). ఆ వెలుగులో తెలుపు పసుపు పచ్చగా మారి, లేత నీలం దాదాపు తెల్లగా కనిపిస్తుంది. డబ్బా మీద 5000 నుంచి 6500 కెల్విన్ అని రాసి ఉన్న పగటి వెలుగు లైటు తెప్పించుకోండి. కాన్వాస్ కింద పెట్టే వెలుగు పలక కూడా దొరుకుతుంది. గుర్తులు బాగా కనిపిస్తాయి, అయితే వెలుగు బాగా తగ్గించి వాడాలి, లేకపోతే కళ్లు లాగుతాయి.

మూడోది మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి ఇంకా చేయించుకోవాలి అని రాశారు. శుక్లం ఉన్న కంటి కటకం పసుపు తిరిగి నీలం రంగును సరిగ్గా లోపలికి రానివ్వదు. ఆపరేషన్ అయిన కంటికి అదే నీలం స్పష్టంగా తెలుస్తుంది. ఒక కన్ను మూసి ఒక కన్నుతో ఆ రాళ్లను చూడండి, తేడా మీకే తెలియొచ్చు. బుర్ర గురించిన భయం అక్కడితో చాలావరకు తీరుతుంది. ఊరికి వెళ్లాక ఎడమ కంటి ఆపరేషన్ మాత్రం ఇంక వాయిదా వేయకండి.

"మంచు తెల్లగా ఉండాలి కదా, ఇంత నీలం ఎందుకు పంపారు, తప్పు బ్యాగు వచ్చిందా" అని కూడా అడిగారు. సరైనవే వచ్చాయి. మంచు మీద పడే నీడకు ఎండ నేరుగా తగలదు, ఆకాశం వెలుగు మాత్రమే తగులుతుంది. అందుకే ఆ నీడ నీలంగా ఉంటుంది. 1868-69 చలికాలంలో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనె ఒక మంచు దృశ్యం వేశాడు, తడక మీద ఒక నలుపు తెలుపు పిట్ట కూర్చుని ఉంటుంది. నీడలన్నీ నీలంగా వేశాడు. 1869లో పారిస్ ప్రదర్శనకు పంపితే వద్దన్నారు. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. అదే మనిషికి ముసలితనంలో శుక్లాలు వచ్చి రంగులు తారుమారైతే 1923లో ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. మీ ఇబ్బంది చిన్నదేమీ కాదని చెప్పడానికే ఇదంతా.

ఎండ కాసిన రోజు పాప స్కూలు నుంచి రాగానే తనను కిటికీ దగ్గరికి పిలిచి, పెరట్లో మంచు మీద చెట్ల నీడ ఏ రంగులో ఉందో అడగండి. తెలుపు అంటుందో, బూడిద అంటుందో, నీలం అంటుందో విని, ఆ రంగు రాయి డబ్బాల్లోంచి తనను వెతికి తెమ్మనండి. ఆ పిల్ల మళ్లీ ఆ బల్ల దగ్గరికి రావడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచలేదు.

రాళ్లు ట్రేలోంచి ఎగిరి వేళ్లకు అంటుకుంటున్నాయన్నారు. అక్కడ చలికాలంలో హీటర్ల వల్ల ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది, దాంతో వచ్చే స్టాటిక్ అది. బట్టల డ్రయ్యర్‌లో వేసే షీటుతో ట్రేను ఒకసారి తుడిస్తే చాలు. మెడ విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. కాన్వాస్‌ను బల్ల మీద పడుకోబెట్టి దాని మీదకు వంగకండి. కింద అట్ట గానీ చెక్క గానీ పెట్టి, వెనక వైపు పుస్తకాలతో ఎత్తు చేసి ఏటవాలుగా ఉంచండి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి, ఇరవై అడుగుల అవతల ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి. షుగర్ కూడా ఉందన్నారు కాబట్టి గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగు అడుగులు వేయండి.

ఇప్పుడు, పూర్తి చేయాలా వద్దా. మీ దగ్గర చాలా దారులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఫలితం.

వెళ్లేలోపు పూర్తి చేయాలనుకుంటే లెక్క ఇది. చదరపు రాయి 2.5 మిల్లీమీటర్లు. అంటే అడ్డంగా 160, నిలువుగా 200, మొత్తం 32,000 రాళ్లు. మిగిలిన సగం 16,000. గంటకు 400 పెట్టగలిగితే 40 గంటలు. అయిదు వారాలుంది కాబట్టి ఒక్క రోజు కూడా మానకుండా రోజుకు గంటా పది నిమిషాలు. వినడానికి తేలికే. కానీ ఆఖరి వారం సూట్‌కేసులు, షాపింగ్, వీడ్కోలు భోజనాలు ఉంటాయి. ఒక్క వారం జారిందంటే మళ్లీ రాత్రి పన్నెండు గంటలే. ఆకాశం లాంటి ఒకే రంగు ఉన్న చోట్ల మూడు నాలుగు రాళ్లు ఒకేసారి పెట్టే పెన్ను మొన వాడితే కొంత తొందరవుతుంది. గోడ మీద బొమ్మ చూసుకుని ఊరికి వెళ్లిన తృప్తి ఉంటుంది, అది చిన్నదేమీ కాదు. అయితే పగటిపూట మాత్రమే చేస్తాను, రాత్రి తొమ్మిది తర్వాత ముట్టుకోను అని గట్టిగా అనుకోగలిగితేనే ఈ దారి పట్టండి.

పాపను కలుపుకుని చేయడం ఇంకో దారి. చదరపు రాళ్లు అంచుకు అంచు కలిపి పెట్టాలి, ఆ వయసు వేళ్లకు కష్టం. వరుసలు వంకర పోతాయి. మీరు స్కేలు అంచుతో సరిచేయాలని చూస్తారు, తను చిన్నబుచ్చుకుంటుంది. కలిపి చేయాలనుకుంటే ఒక మూల తనకు పూర్తిగా వదిలేసి, ఆ మూలను సరిచేయనని మీరు మాట ఇవ్వాలి. అది మీ వల్ల కాదనిపిస్తే మొహమాటం వద్దు, తనకు గుండ్రని రాళ్లున్న చిన్న కిట్ ఒకటి కొనిపెట్టండి. గుండ్రనివి కాస్త పక్కకు జరిగినా బాగానే కనిపిస్తాయి. ఒకే బల్ల దగ్గర ఎవరి బొమ్మ వాళ్లది. మీరు పిల్లలకు చుక్కల ముగ్గు నేర్పినట్టే, వరుస ఎలా లెక్కపెట్టుకోవాలో చూపించి వదిలేయండి.

సగంలోనే చుట్టి ఊరికి తీసుకెళ్లొచ్చు. ఈ దారికి నా మనసు కొంచెం మొగ్గు చూపుతోంది. ఎందుకంటే మీకు అసలు కష్టమైన సాయంత్రాలు రాజమండ్రిలో ఉన్నాయి. ఆయన లేని ఇంట్లోకి అయిదు నెలల తర్వాత తాళం తీసి వెళ్లబోతున్నారు. అక్కడ మీ చేతికి తెలిసిన పని ఒకటి ఉంటే మంచిది. ఇబ్బందులూ ఉన్నాయి. ఫ్యాను గాలికి రాళ్లు చెదురుతాయి, దుమ్ము జిగురుకు అంటుకుంటుంది, మే నెల వేడికి జిగురు మెత్తబడుతుంది. చేసే చోటు వరకే కాగితం తీసి మిగతాది కప్పి ఉంచాలి, ఉదయం పూట చేసుకోవాలి. జిగురుకు దుమ్ము పడితే తడి గుడ్డతో మెల్లగా అద్ది ఆరనివ్వండి, చాలావరకు మళ్లీ అంటుతుంది. అమ్మాయి గోడ మీదకు బొమ్మ ఇప్పుడే రాదు. అది తనతో ముందే చెప్పాలి.

లేదా ఆ సగం అక్కడే అమ్మాయికి వదిలి రావచ్చు. నాన్న పోయిన దిగులు తనకూ ఉంది, కూర్చుని ఏడ్చే తీరికే లేదు. మీరు వచ్చేశాక రాత్రిపూట ఎప్పుడైనా పది నిమిషాలు అమ్మ వదిలేసిన వరుస దగ్గర కూర్చోవడం తనకూ బాగుండొచ్చు. అయితే అది ఇంకో పనిగా తన నెత్తిన పడకూడదు. "పూర్తి చెయ్యి" అని ఫోన్లో అడగకుండా ఉండగలిగితేనే వదలండి.

పూర్తిగా మానేయడమూ ఒక దారే. ఇది అందరికీ పడే పని కాదు. మానేస్తే నష్టం ఏమీ లేదు. పాపతో ఆ మాట చెప్పిన తర్వాత మానేయండి, అంతే. ముందే మానేస్తే ఆ బొమ్మ తనవల్లే ఆగిపోయిందని ఆ పిల్ల అనుకుంటుంది.

పాప అంటించిన ఎర్రవి, పసుపువి పీకాలా అన్నారు. ముందు ఆ రెండు రంగుల డబ్బాలు చూడండి. కిట్లలో సాధారణంగా కొన్ని ఎక్కువే ఇస్తారు గానీ, అరచేయంత మేర అంటే దాదాపు వెయ్యి రాళ్లు. కిటికీలో దీపానికి పసుపు చాలకపోతే కావాల్సినన్ని పట్టకారుతో తీయక తప్పదు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు తీస్తున్నారో చెప్పి తీయండి. చాలితే ఉంచేయమంటాను. తను లేనప్పుడు పీకేస్తే స్కూలు నుంచి వచ్చి ఆ ఖాళీని చూస్తుంది. మంచులో ఎర్రటి మచ్చ దగ్గర్నుంచి చూస్తే మీకు తప్పుగా కనిపిస్తుంది. ఆరడుగుల దూరం నుంచి చూస్తే ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటున్నట్టు ఉంటుంది. అది బొమ్మను పాడుచేసిందా లేదా అన్నది మాత్రం మీరే చెప్పాలి, బొమ్మ మీది.

"అందరికీ మనశ్శాంతినిచ్చే పని నాకెందుకిలా అయింది" అన్నారు. మొదటి నెల మీకూ ఇచ్చింది, మీరే రాశారు. చేతికి ఒకే కదలిక, కంటికి ఒకే గడి, తప్పు చేసినా పీకి సరిచేసుకోగలిగే పని. దుఃఖంలో ఉన్న మనసు అలాంటి చోట కాసేపు ఆగుతుంది. గడువు పెట్టుకున్నాక ప్రతి గడీ బాకీలా మారింది. రోజుకు ఇన్ని రాళ్లు అని కాకుండా ఇంతసేపు అని పెట్టుకుంటే ఆ మొదటి నెల తీరు చాలావరకు తిరిగి వస్తుంది.

రాత్రి నిద్ర పట్టకే కూర్చుంటున్నానని మధ్యలో ఒక చోట రాశారు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డిసెంబర్‌లో మినియాపోలిస్‌లో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. రాజమండ్రిలో అప్పుడూ దాదాపు పదకొండు గంటల పగలు ఉంటుంది. వెలుగు తగ్గే కాలంలో కొందరికి దిగులు, నిద్ర తేడాలు వస్తాయని 1984లో నార్మన్ రోసెంతాల్, ఆయన తోటి డాక్టర్లు వివరంగా రాశారు. దానికి 10,000 లక్స్ వెలుగునిచ్చే ప్రత్యేకమైన దీపాలు వాడతారు, ఉదయం అరగంట. బొమ్మ కోసం కొనే లైటు అది కాదు. మీకు కంటి ఆపరేషన్ అయింది, షుగర్ ఉంది కాబట్టి కంటి డాక్టర్ని అడగకుండా అలాంటి దీపం ముందు కూర్చోకండి. ఖర్చు లేని పని, బొమ్మను రాత్రి నుంచి ఉదయానికి మార్చి, కర్టెన్ తీసి కిటికీ పక్కన చేసుకోవడం. రెండు వారాలైనా నిద్ర రాకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, ఊళ్లో మిమ్మల్ని చూసే డాక్టర్‌కు ఫోన్ చేయించి మాట్లాడండి. ఊరికి వచ్చాక ఒంటరితనం భరించలేనిదిగా ఉంటే ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

చివరగా మీ జిగురు ప్రశ్న. తప్పనిసరి కాదు. రాళ్లు గట్టిగా అంటుకుని ఉంటే చపాతీ కర్రతో ఒకసారి మెల్లగా ఒత్తి వదిలేయొచ్చు. పైన పూతపూస్తే ఊడవు గానీ మెరుపు కొంత తగ్గుతుంది, మంచు బొమ్మకు ఆ మెరుపే అందం. అమ్మాయి ఇంట్లో పెడితే పూత లేకుండా మామూలు ఫ్రేమ్ చాలు. రాజమండ్రిలో పెడితే దుమ్ము ఎక్కువ కాబట్టి అద్దం ఉన్న ఫ్రేమ్ కట్టించండి, అద్దం రాళ్లకు తగలకుండా మధ్యలో కాస్త ఖాళీ ఉంచమని ఫ్రేమ్ కట్టే అతనికి చెప్పండి.